ఆరువందల పదకొండో ట్యూబు

పదహారో తేదీ, బుధవారం
కల్చర్ గది, ఉదయం పదకొండు గంటలు

చిరంజీవి తూనీగకి,

పెద్దక్క దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మా ఆయనా, నా మోకాళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా క్షేమం. నువ్వు క్షేమమని, నిన్ను చూసి వచ్చిన మా కొత్తమ్మాయి చెప్పగా తెలిసింది. ఉభయకుశలోపరి అని రాసేసి తర్వాతి లైనులోకి దూకెయ్యడం పెద్దలు నేర్పిన పద్ధతి. పదకొండేళ్ళుగా ఒక్క ముక్క రాయనిదాన్ని, ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కాబట్టి ముందు తిట్టుకో. తిట్టుకున్నాక చదువు. చింపెయ్యాలనిపిస్తే రెండో పేజీ దాకా ఆగి చింపు, అసలు కబురు అక్కడుంది.

అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని విసుక్కోకు. ముప్పై నాలుగేళ్ళు గోరంత లేబుళ్ళ మీద రాసి రాసి నా చేతికి పెద్ద అక్షరం రాయడం చేతకాకుండా పోయింది. మా ఆయనకి సరుకుల చీటీ రాసిస్తే దుకాణంలో కళ్ళజోడు అరువడగాల్సి వస్తోందట.

ఈ ఉత్తరం నా అంతట నేను మొదలుపెట్టింది కాదు, అది ముందే చెప్పేస్తాను. డైరెక్టరుగారు నీకు రెండు ఉత్తరాలు రాశారట. నీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మొన్న నన్ను పిలిచి, మీరంటే ఆ అమ్మాయికి గురి కదా, మీరు రాస్తే వింటుంది అన్నారు. ఆ గురి ఏ పాటిదో ఆయనకేం తెలుసు. సరేనండీ అని తలూపి వచ్చాను. నిన్నంతా కూర్చుని నాలుగు కాగితాలు ఖరాబు చేశాను. ఇది ఐదోది.

ఈ నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. పొద్దున్నుంచీ ట్యూబులు లెక్కచూసి అప్పగించే పనిలో ఉన్నాను. నువ్వు వెళ్ళేనాటికి పద్నాలుగు వందలుండేవి, ఇప్పుడు పద్నాలుగు వందల ముప్పై రెండు. ఒక్కో ట్యూబులో ఏటవాలుగా గడ్డకట్టించిన అగర్ జెల్లీ, దాని మీద దూదిలా పెరిగే ఒక్కో అడవి పుట్టగొడుగు కల్చర్. ఆర్నెల్లకోసారి చిన్న తునక తీసి కొత్త ట్యూబులోకి మార్చకపోతే ఎండి చచ్చిపోతాయి. నేను హాస్టల్ వార్డెన్‌నని వెక్కిరించేదానివి, గుర్తుందా? వార్డెన్ వెళ్ళిపోతోంది. ఫ్రిజ్ మాత్రం అదే. తలుపు మూసినప్పుడు ఇప్పటికీ మూలుగుతుంది, మూసినవాళ్ళ పాపం దాని మీద పడ్డట్టు.

పెద్దసారు రిటైరై ఆరేళ్ళయింది. అప్పుడప్పుడూ లైబ్రరీకి వచ్చి పేపరు చదువుకుని పోతారు. విభాగానికి అధిపతిగా ఉన్నప్పటి గొంతు మాత్రం తగ్గలేదు. నేను కనిపిస్తే చాలు, పొరపాటు ఎరగని చెయ్యి ఇదీ అని పక్కనున్నవాళ్ళకి చూపిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పనున్నట్టు అక్కణ్ణుంచి జారుకుంటాను.

సరే, ఎంతసేపని చుట్టూ తిరుగుతాను. అసలు కబురు ఇదీ. నీ పుట్టగొడుగు విషయంలో నువ్వు చెప్పిందే నిజమని తేలింది.

ఈ వాక్యం రాసి పెన్ను పక్కన పెట్టి, లేచి రెండు గ్లాసుల నీళ్ళు తాగి వచ్చాను. నువ్వూ తాగి రా.

తేల్చింది కొత్తమ్మాయి. రెండేళ్ళ కిందట చేరింది. నీలాగే నిలకడ తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఎండబెట్టిన నమూనాలు దాచే బీరువా సర్దుతుంటే నీ చేతిరాతతో ఉన్న కాగితం పొట్లం దొరికింది. అందులో నువ్వు దాచిన పుట్టగొడుగు ముక్క చెప్పు అట్టలా గట్టిపడి ఉంది. ఊరికే పట్టిక పూర్తి చేద్దామని దాన్లోంచి కాస్త డీఎన్ఏ తీసి చదివించింది. మన సంస్థ ఎప్పుడో అచ్చువేసిన జీనోమ్ పక్కన పెట్టి చూస్తే, చుట్టరికం కూడా అంతంతమాత్రమే. అచ్చయిన జీనోమ్ ఆరువందల పదకొండో ట్యూబుది. అది నీ ట్యూబు. అలాంటప్పుడు ఎండిన ముక్క ఎవరిది? ఆ పిల్లకి నిద్ర పట్టలేదట. పక్కనున్న ట్యూబులు కూడా ఒక్కోటీ చదివించింది. నీ పేరుతో అచ్చయిన జీనోమ్ అక్షరం పొల్లుపోకుండా ఆరువందల పన్నెండో ట్యూబుతో సరిపోయింది.

నీకు తెలిసిన కథే అయినా మళ్ళీ మొదట్నుంచీ రాస్తాను. రాస్తేగానీ నాకు వరస దొరకదు.

కోత మిల్లు వెనక వాగు పక్కన పడి ఉన్న మాను దగ్గరికి నన్నూ లాక్కుపోయావు. మోకాళ్ళు బాగున్న రోజులు. మాను కింద నుంచి పాక్కుంటూ వెళ్ళి, ఒకదానిమీద ఒకటి అరలు పేర్చినట్టున్న ఆ పుట్టగొడుగుల్ని కోసుకొచ్చావు. మాను చెక్క విరిచి నా అరచేతిలో పెట్టి నలపమన్నావు. గోధుమరంగు పొడి అయింది. చూశావా అక్కా, పిల్లలు పండు తినేసి తొక్క వదిలేసినట్టు, ఇది కర్రలో మెత్తటి భాగమంతా తినేసి గట్టి లిగ్నిన్ని వదిలేస్తుంది అన్నావు. తిరిగి వచ్చేటప్పుడు చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో కుంటుతూ కూడా ఆ సంచిని గుడ్లు మోస్తున్నట్టు మోశావు. ఒకసారి నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

దాన్ని అగర్ పోసిన గాజు ప్లేట్ల మీద పెంచావు. చిన్న చిన్న చెక్కముక్కలు తూచి, సీసాల్లో దాని మీద పెట్టి, మూడు నెలలాగి మళ్ళీ తూచావు. అన్నీ గోధుమరంగుకి తిరిగి పగుళ్ళిచ్చాయి. తర్వాత పద్ధతి ప్రకారం కల్చర్‌ని నా గదిలో అప్పగించావు. ఆరువందల పదకొండు అని నంబరు వేశాను. అప్పగించాక సొంత ప్లేట్లు ఉంచుకోకూడదని రూలు కాబట్టి, అవన్నీ ఆటోక్లేవ్ ఆవిరిలో చంపి పారేశావు. ఆ రూలు పెట్టించింది నేనే. ఒక పుట్టగొడుగు రెండు చోట్ల ఉంటే కలగాపులగం అవుతుందని.

మూడో ఏడు జీనోమ్ కోసం నా గదిలోని ట్యూబు నుంచి డీఎన్ఏ తీశావు. ఫలితం రాగానే పెద్దసారు ఆగలేదు, అచ్చుకి పంపేశారు. అందులో చూస్తే లిగ్నిన్ని కొరికే జన్యువులు ఒకటా రెండా, పనిముట్ల పెట్టె నిండుగా ఉంది. గట్టి భాగాన్ని ముట్టుకోనిదానికి అన్ని పనిముట్లెందుకు? నువ్వు పరుగెత్తుకొచ్చి ఇది నాది కాదక్కా అన్నావు. పెద్దసారు అదే ట్యూబుతో చెక్కముక్కల పరీక్ష మళ్ళీ చేయించారు. ఈసారి చెక్క తెల్లగా పీచులు పీచులుగా వచ్చింది, అంటే లిగ్నిన్ని కూడా తినేసింది. దాంతో మొదటిసారి నువ్వు చూపించిన గోధుమరంగు చెక్కలు అబద్ధమన్నారు. ఎక్కడో పుచ్చిన కర్ర తెచ్చి పెట్టావన్నారు. కొత్త జాతి కావడంతో పోల్చి చూద్దామంటే ఇంకెక్కడా మరో నమూనా లేదు. ఎండిన పొట్లం సంగతి నువ్వెత్తితే, దాంట్లోంచి డీఎన్ఏ సరిగా రాదని కొట్టిపారేశారు. వాగు పక్క మాను అప్పటికే మిల్లుకి పోయింది.

నీ మీద వేసిన విచారణకి రెండు వారాల ముందు నువ్వు నా గదికి వచ్చావు. పాత ట్యూబు ఏదైనా మిగిలిందా అని అడిగావు. ఒకటుందన్నాను. మార్పిడప్పుడు ఎండినట్టు కనిపించిన పాత ఆరువందల పదకొండుని ఒకదాన్ని పక్కన పెట్టాను, ఏడాదిగా ఫ్రిజ్ వెనక వరసలో పడి ఉంది. అయితే గీత పరీక్ష చెయ్యి అక్కా అని బతిమాలావు. రెండు కల్చర్లని ఒకే ప్లేటులో ఎదురెదురుగా పెడితే, రెండూ ఒకే ఒంటివైతే పెరిగి పెరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వేరేవైతే కలిసే చోట నల్లటి గీత పడుతుంది. అంత తేలికైన పరీక్ష. చేస్తానన్నాను. తర్వాత అడిగితే, పాత ట్యూబు ఎండిపోయింది, మొలవలేదు అని చెప్పాను. నువ్వు నా భుజం తట్టి, పోనీలే అక్కా, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని వెళ్ళావు.

విచారణ గదిలో పొడవాటి బల్లకి అటువైపు ఐదుగురు. నువ్వు కిటికీ పక్క కుర్చీలో. నన్ను పిలిచి ఒకటే అడిగారు, ట్యూబు మీద లేబుల్ తప్పు పడే అవకాశం ఉందా అని. లేదన్నాను. పెద్దసారు వెంటనే, ఈమె చేతిలో ముప్పై ఏళ్ళుగా ఒక్క ట్యూబు తారుమారు కాలేదని వత్తాసు పలికారు. ముప్పై కాదు, అప్పటికి ఇరవై మూడే. దాన్ని కూడా నేను దిద్దలేదు. నువ్వు నావైపు చూశావు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. వారం తిరక్కుండా డిగ్రీ ఆగిపోయిందని కాగితం ఇచ్చారు, నువ్వు గది ఖాళీ చేశావు.

ఇప్పుడు కారణం కూడా దొరికింది. కొత్తమ్మాయి నా పక్కన కూర్చుని పాత రిజిస్టర్లన్నీ తిరగేసింది. పని త్వరగా తెమలాలని పొద్దున్నే కొత్త ట్యూబులన్నిటికీ వరసగా లేబుళ్ళు అంటించేసి, తర్వాత మార్పిడి మొదలుపెట్టడం నా అలవాటు. ఆ రోజు నీ ట్యూబు ఎండినట్టుందని పక్కన పెట్టాను. తర్వాత చేతికొచ్చింది ఆరువందల పన్నెండు. ఎదురుగా ఖాళీగా ఉన్న కొత్త ట్యూబు మీద మాత్రం ఆరువందల పదకొండు అని అంటించి ఉంది. తునక అందులో వేశాను. చేతిలో ఉన్నది ఇంకా ఆరువందల పన్నెండే కాబట్టి, ఆ నంబరున్న తర్వాతి ట్యూబులోనూ దాన్నే వేశాను. రెండూ తెల్లటి దూదే, కంటికి తేడా తెలియదు. వారం తర్వాత రెండూ బాగా పెరిగాయని సంతోషించాను కూడా. నీ ట్యూబులో పక్కింటివాడు కాపురం పెట్టాడు, వాడి జీనోమ్‌నే నువ్వు మూడేళ్ళ కష్టం అనుకుని చదివావు.

ఇదంతా సంజాయిషీగా రాసి సంతకం పెట్టి డైరెక్టరుగారికి ఇచ్చాను. పొరపాటు నాది, తెలియక జరిగింది, ఇన్నాళ్ళకి బయటపడింది అని. ఆయన చదివి, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పొరపాటుకి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు లెండి అని ఓదార్చారు. ఆ ఓదార్పుకి తల తీసేసినట్టయింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఏమిటంటే, అచ్చువేసిన పత్రిక సవరణ వెయ్యడానికి ఒప్పుకుంది. దాంతోపాటు సరైన జీనోమ్ కూడా వస్తుంది. డైరెక్టరుగారు నీ పేరు మొదట వెయ్యాలంటున్నారు. ఆగిపోయిన డిగ్రీ మళ్ళీ తెరుస్తారట. నెలాఖరులోగా నీ సంతకం అందకపోతే నీ పేరు లేకుండానే పోతుంది, ఒక పూర్వ విద్యార్థిని సేకరించిన నమూనా అని ఒక్క లైనులో నిన్ను చుట్టేస్తారు. కాగితాలు ఈ కవరులోనే పెట్టాను. గుర్తు పెట్టిన మూడు చోట్ల సంతకం పెట్టు, చాలు.

జీనోమ్‌లో ఏముందో చెప్పనే లేదు కదూ. పన్నెండు వేల పైచిలుకు జన్యువులున్నాయి, అందులో లిగ్నిన్ని కొరికేవి ఒకటీ అరా. పూర్వం ఉండేవనీ, తరాలు గడిచేకొద్దీ ఒక్కోటీ వదిలేసుకుందనీ ఆనవాళ్ళు కనిపిస్తున్నాయట. ఆ పనిముట్లు లేకపోయినా ఇంకేదో ఉపాయంతో అంత మానునీ పొడి చేస్తుంది. ఆ మాట నీ సిద్ధాంత వ్యాసంలో నువ్వు ఎప్పుడో రాశావు, జీనోమ్ లేకుండానే, చెక్కని వేళ్ళతో నలిపి చూసి. కొత్తమ్మాయి ఆ పేజీ ఫోటో తీసి తన గోడకి అంటించుకుంది.

ఒక్క లోటుంది. ఎండిన ముక్కలో డీఎన్ఏ చితికిపోయి, జీనోమ్ వేల తునకలుగా వచ్చింది. వాటిని వరసగా అతకాలంటే బతికున్న కల్చర్ కావాలి. అది లేదు కదా. కొత్తమ్మాయీ నేనూ వాగు దాకా వెళ్ళి చూశాం. అక్కడ ఇప్పుడు రోడ్డు. అటూ ఇటూ మైళ్ళ కొద్దీ తిరిగినా ఆ జాతి మళ్ళీ కనపడలేదు. మీ దగ్గర పాత ట్యూబు ఒక్కటి మిగిలినా బతికిపోయేవాళ్ళం పెద్దక్కా అని ఆ పిల్ల నిట్టూర్చింది. ఏం చేస్తాం, ఉన్నదాంతోనే అచ్చువేస్తారు, మధ్యలో ఖాళీలతో.

కొత్తమ్మాయి నిన్ను చూసి వచ్చిన సంగతులు గుచ్చి గుచ్చి అడిగాను. ప్లైవుడ్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే పని చేస్తున్నావట. నడుముకి చిన్న కత్తి వేలాడుతుందట. పలకని వేలితో రెండుసార్లు తట్టి, లోపల బోలుగా ఉందో లేదో చెప్పేస్తావట, అక్కడి మేస్త్రీలు నువ్వు పక్కన పెట్టిన పలకకి ఎదురు చెప్పరట. వింటుంటే గర్వమేసింది. అయినా, పుట్టగొడుగుల మీద పుస్తకాలు రాయాల్సినదానివి, వాటిని పలకల్లోంచి ఏరి పారేస్తున్నావు. ఆ పిల్ల ఇంతా చెబితే నువ్వు పలకలు సర్దుకుంటూ, పెద్దక్క ఇంకా అక్కడే ఉందా అని మాత్రం అడిగావట.

ఉన్నాను తల్లీ. ఇంకో రెండు వారాలు.

ఎందుకంత గట్టిగా లేదన్నావని నువ్వు అడగొచ్చు. ఆ నెలలోనే బయటి నుంచి తనిఖీవాళ్ళు రావాల్సి ఉంది. ఒక్క ట్యూబు తప్పంటే మిగతావన్నీ అనుమానమే, గది మూసేస్తారని భయం. దేశదేశాల నుంచి ఈ ట్యూబులు నమ్ముకుని పని చేసేవాళ్ళున్నారని నాకు నేను చెప్పుకున్నాను. నా చేతి మీద నమ్మకంతోనే చెప్పానుగానీ, నీ మీద కోపంతో కాదు. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు నీకు రాయాలనుకున్నానో. ఏమని రాయాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైతే ఎంత సుఖంగా ఉంటుందో నీకు తెలియదు, తెలియకూడదు కూడా. నీ చదువు పాడైంది నా చేతి వల్ల. నీ వయసు మళ్ళీ తెచ్చివ్వలేను. నాకు చాలా బాధగా ఉంది, ఇంకా బాగా చెప్పే మాట నా దగ్గర లేదు.

సంతకం పెట్టు. నా మీద కోపం నీ దగ్గరే ఉంచుకో, కాగితాలు మాత్రం పంపు. భోజనం మానకు. పని చేసేచోట కత్తి ఒరలో పెట్టుకుని తిరుగు, నీ తొందర నాకు తెలుసు.

ఎప్పటికీ నీ మేలు కోరే
పెద్దక్క

తా.క.
పదిహేడో తేదీ, గురువారం, సాయంత్రం.

నిన్న కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. డబ్బా నోట్లో సగం దూర్చి, వెనక్కి లాక్కుని ఇంటికొచ్చేశాను. మా ఆయన ఏమైందని అడిగితే స్టాంపు చాలలేదని చెప్పాను. చూశావా, ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో నాకు అబద్ధం. పై ఉత్తరాన్ని కొట్టివెయ్యడం లేదు, అలాగే ఉంచుతున్నాను. నిన్నటి దాకా నేను ఎలాంటి మనిషినో నీకు తెలియాలి.

పాత ఆరువందల పదకొండు మొలిచింది.

నాలుగో రోజుకే కొత్త అగర్ మీద తెల్లగా పాకింది. నీకిచ్చిన మాట ప్రకారం గీత పరీక్ష చేశాను. ఒకవైపు అది, ఎదురుగా లేబులున్న ట్యూబు తునక. తొమ్మిదో రోజు మధ్యలో గీత పడింది, పెన్సిలుతో గీసినట్టు, నల్లగా. విచారణకి ఇంకా నాలుగు రోజులుంది. ప్లేటు పట్టుకుని నీ గది గుమ్మం దాకా వచ్చాను. నువ్వు అటు తిరిగి చెక్కముక్కలు తూస్తున్నావు. తూచి, రాసుకుని, చెరిపి, మళ్ళీ తూస్తున్నావు. నిన్ను నువ్వే అనుమానించుకుంటున్నావు అప్పటికి. నేను పిలవలేదు. వెనక్కి వచ్చి ప్లేటుని ఆటోక్లేవ్‌లో పెట్టి తలుపు బిగించాను. ఆ సాయంత్రమే నీతో, మొలవలేదు అని చెప్పాను.

తనిఖీవాళ్ళ భయమని పైన రాశాను, అదీ వట్టి సాకు. వాళ్ళు వచ్చింది మరుసటి ఏడు. పొరపాటు ఎరగని చెయ్యి అని పెద్దసారు అప్పటికే పదిమందిలో అనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు తియ్యగా ఉండేది. డిగ్రీలు లేనిదాన్ని, ఈ భవనంలో నాకున్నది అదొక్కటే అనుకున్నాను. నీ పేరు పోతే నువ్వు చిన్నదానివి, మళ్ళీ సంపాదించుకుంటావనుకున్నాను. అంత పచ్చి స్వార్థం.

ప్లేటునైతే చంపానుగానీ ట్యూబుని చంపలేకపోయాను. పద్నాలుగు వందల ముప్పై రెండని పైన రాశానే, అది జాబితాలోని లెక్క. ఫ్రిజ్ కింది అరలో, జాబితాలో లేని ఒక ట్యూబు ఉంది. దానికేదో నోటికొచ్చిన పేరు పెట్టి లేబుల్ అంటించాను. ఆర్నెల్లకోసారి, అన్నీ అయిపోయాక చివర్న, దాన్ని తీసి తునక మార్చాను. పదకొండేళ్ళు, ఇరవై రెండుసార్లు. ఇరవై రెండుసార్లూ సూది మంటలో కాల్చి, చల్లార్చి, ట్యూబు మూత తీసినప్పుడు, ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. ఇరవై రెండుసార్లూ మూత పెట్టి అరలో తోసేశాను. కొత్తమ్మాయి నాతో కలిసి ఆ రోడ్డు పక్కన ఎండలో పుట్టగొడుగు కోసం వెతుకుతున్నప్పుడు కూడా అది ఇక్కడే ఉంది. చెబితే, బతికున్న ట్యూబు ఇంతకాలం ఎందుకు దాచావంటారు. అంటే నాకు మొదట్నుంచీ తెలుసని తేలిపోతుంది. అందుకని ఎండలో ఆ పిల్లతోపాటు నేనూ వెతికాను.

నేను వెళ్ళిపోయాక జాబితాలో లేని ట్యూబులన్నీ ఆటోక్లేవ్‌కి పోతాయి. అప్పుడు నీ పుట్టగొడుగు నిజంగానే ఉండదు, నేను చేసినదీ ఎవరికీ తెలియదు. నిన్న పోస్టు డబ్బా దగ్గర నా బుర్రలో మెదిలింది అదే. హాయిగా అనిపించింది కూడా. ఆ హాయికే భయపడి వెనక్కి వచ్చాను.

నా సంతకంతో రెండో సంజాయిషీ ఇవాళ పొద్దున డైరెక్టరుగారికి ఇచ్చాను. గీత, ప్లేటు, ట్యూబు, అన్నీ రాశాను. తెలియక జరిగింది అన్న మాట తీసేశాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు, ఈసారి ఓదార్చలేదు. దాని నకలు ఈ కవరులో ఉంది. ఎవరికి చూపించుకుంటావో నీ ఇష్టం. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా, నిన్ను అబద్ధాలకోరు అన్న కాగితం రద్దవుతుందని ఆయన చెప్పారు. కాబట్టి నా మాట కోసం ఏదీ చెయ్యకు.

అక్కణ్ణుంచి వచ్చి ట్యూబు మీది దొంగ లేబుల్ గీకేశాను. ఆరువందల పదకొండు అనీ, నీ పేరూ, నువ్వు వాగు దగ్గర కోసిన తేదీ రాసి అంటించాను. కొత్తమ్మాయి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఎక్కడిదని అడిగింది, మొత్తం చెప్పాను. ఆ పిల్ల ట్యూబుని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. రేపు దాని మార్పిడి ఉంది, సూదీ అగరూ సిద్ధం చేసి ఉంచుతానన్నాను. అక్కర్లేదండీ, ఇకనుంచి నేనే చేసుకుంటాను అని ట్యూబుని తన వైపుకి జరుపుకుంది.